బాడీ మార్చాలా, లెన్సు మార్చాలా?

ప్రశ్న: సోనీ ఏ7 III కెమెరా, దాంతోపాటు వచ్చిన 28–70 లెన్సుతో పెళ్లిళ్లు తీస్తుంటాను. రాత్రి బారాత్ ఫొటోల్లో గ్రెయిన్ (గరుకు చుక్కలు) బాగా వస్తోంది. ఏ7 IV తీసుకుంటే పోతుందా? – హనుమకొండ పాఠకుడు

జవాబు: గ్రెయిన్ కోసమే అయితే వద్దు. మీది 2018లో వచ్చిన 24 మెగాపిక్సెళ్ల బాడీ (లెన్సు లేని కెమెరా), ఏ7 IV 2021లో ప్రకటించిన 33 మెగాపిక్సెళ్లది. ఆల్బమ్‌లో ఒకే సైజుకి ప్రింటు వేస్తే చీకటి ఫొటోల్లో తేడా వెతుక్కోవాల్సిందే. అసలు చిక్కు లెన్సుది. 70 ఎంఎంకి జూమ్ చేశారంటే ఎఫ్ 5.6కి మించి తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది). అక్కడ ఎఫ్ 2.8 లెన్సు ఉంటే నాలుగింతల వెలుతురు వస్తుంది. ఐఎస్ఓ (పెంచేకొద్దీ ఫొటో వెలుగు, గ్రెయిన్ రెండూ పెరిగే సెట్టింగ్) 12800 పెట్టేచోట 3200 చాలు. టామ్రాన్ 28–75 ఎఫ్ 2.8 లాంటిది ముందు కొనండి. రేపు బాడీ మార్చినా అది దండగ కాదు.

కొనే ముందు ఈమధ్య పెళ్లిళ్లలో పనికిరావని పక్కన పెట్టిన ఫొటోలు తెరిచి చూడండి. స్టేజీ, పూలదండలు షార్ప్‌గా ఉండి డ్యాన్సు చేసేవాళ్ల చేతులు మాత్రమే సాగినట్టుంటే షట్టర్ స్పీడు చాలలేదన్నమాట. సెకనులో 60వ వంతు కాదు, 250వ వంతు పెట్టాలి. బాడీలోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది గానీ పెళ్లికొడుకు మేనమామ స్టెప్పులను ఆపలేదు. ఐఎస్ఓకి భయపడి డార్క్‌గా తీసి, తర్వాత కంప్యూటర్‌లో పెంచినా గ్రెయిన్ తేలుతుంది. ఇంకోటి, ఈ బాడీలో సెన్సర్ ఐఎస్ఓ 640 దగ్గర రెండో గెయిన్‌కి (సిగ్నల్‌ను పెంచే స్థాయికి) మారుతుంది. కాబట్టి 500 కన్నా 640లోనే నీడలు శుభ్రంగా వస్తాయి.

తలంబ్రాలప్పుడు ఫోకస్ మొహం వదిలి బియ్యం మీదికి దూకుతుంటే ‘ఏఎఫ్ ట్రాక్ సెన్స్’ను (ఫోకస్ ఎంత త్వరగా వేరేదాని మీదికి మారాలో చెప్పే సెట్టింగ్) 1కి తెచ్చి లాక్డ్ ఆన్‌లో ఉంచండి. ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) 3.0కి ముందుదైతే అప్‌డేట్ చేయండి. ఐ ఏఎఫ్ (కంటిని పట్టే ఆటోఫోకస్) ఆ వెర్షన్‌తోనే చురుగ్గా మారింది. ఫంక్షన్ హాల్ ఎల్ఈడీ లైట్ల కింద చారలు పడుతుంటే సైలెంట్ షూటింగ్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) ఆపేయండి.

వీడియో ఆర్డర్లు పెరుగుతుంటే మాత్రం లెక్క మారుతుంది. ఏ7 III లోపల రికార్డు చేసేది 8 బిట్టే, అంటే రంగుల మెట్లు తక్కువ. ఎస్-లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకునేందుకు వెలిసినట్టు తీసే పద్ధతిలో) తీసి కలర్ మార్చబోతే సాయంత్రపు ఆకాశం పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. ఏ7 IVలో 10 బిట్ ఉంది, క్రాప్‌తోనైనా (అంచులు కోసి) 4కేలో సెకనుకి 60 ఫ్రేములు ఇస్తుంది. ఆ పనికైతే డబ్బు పెట్టొచ్చు.

ప్రశ్న: ఏ7 II వాడుతున్నాను. సెకండ్ హ్యాండ్ ఏ7 III దొరుకుతోంది. మారొచ్చా? – జగిత్యాల పాఠకుడు

జవాబు: మారండి. మీదాంట్లో ఒకటే కార్డు స్లాటు. పెళ్లి మధ్యలో కార్డు పాడైతే మళ్లీ తీసే వీలుండదు. స్క్రీన్ చూస్తూ తీస్తే దాని బ్యాటరీకి కంపెనీ చెప్పే లెక్క 350 ఫొటోలు, ఏ7 IIIకి 710. అయితే బ్యాటరీ రకం వేరు, పాతవి పట్టవు. అదనపు బ్యాటరీ ఖర్చు కలుపుకొనే బేరమాడండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో కూడా అడగండి. కంపెనీ 2 లక్షల వరకు పరీక్షించింది.

ప్రశ్న: లక్నవరం ఫొటోల్లో ఆకాశంలో నల్లచుక్కలు వస్తున్నాయి. సెన్సర్ పాతబడిందా? – ములుగు పాఠకురాలు

జవాబు: దుమ్ము అయ్యుంటుంది. ఎఫ్ 16 పెట్టి తెల్లగోడను తీయండి. అన్ని ఫొటోల్లో ఒకేచోట చుక్క ఉంటే దుమ్మే. బ్యాటరీ నిండుగా ఉంచి, మెనూలో క్లీనింగ్ మోడ్ ఎంచుకుని, కెమెరా ఆఫ్ చేసి లెన్సు తీయండి. మౌంటు (లెన్సు బిగించే చోటు) కిందికి ఉండేలా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో వద్దు, తుంపర పడితే మరక కడుతుంది. ఫొటోలో చుక్క పైన ఎడమవైపు ఉంటే, ఎదురుగా చూసేటప్పుడు సెన్సర్ మీద అది కింద ఎడమవైపు ఉంటుంది. బ్లోయర్‌కి పోకపోతే ఫుల్‌ఫ్రేమ్‌కి సరిపోయే 24 ఎంఎం స్వాబ్‌కి (సెన్సర్ తుడిచే పుల్లకి) రెండు చుక్కల క్లీనర్ వేసి, ఒక అంచు నుంచి మరో అంచుకి ఒక్కసారి లాగండి. అదే స్వాబ్ మళ్లీ వాడితే తీసిన దుమ్మే గీత పెడుతుంది.