మీ ప్రశ్న – మా సమాధానం: మునిగిన యుద్ధనౌక, మురిగిపోని కర్ర

ప్రశ్న: మాది కొయ్యబొమ్మలు చెక్కే కుటుంబం. స్వీడన్ దేశంలో 333 ఏళ్లు నీటి అడుగున ఉన్న తెరచాపల యుద్ధనౌకను బయటికి తీసి, దాని మీది చెక్కడాలతో సహా నిలబెట్టారని చదివాను. పచ్చికర్రను నాలుగు రోజులు ఎండలో ఉంచితేనే నెర్రెలిస్తుంది. అన్నేళ్లు నానిన కర్ర మురిగిపోకుండా ఎలా ఉంది? ఆరిన తరువాత పగలకుండా ఎలా ఆపారు?
– ఒక దారుశిల్పి, మాధవమాల, తిరుపతి జిల్లా

జవాబు: మీరు చదివింది వాసా అనే నౌక గురించి. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోం రేవు నుంచి తొలి ప్రయాణానికి బయలుదేరి, మైలు దూరం కూడా సాగకముందే ఒక గాలివిసురుకు పక్కకు ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల గుండా నీరు చొరబడి మునిగిపోయింది. 64 ఫిరంగులు మోసే ఆ ఓడకు పైకట్టు బరువెక్కువ, దానికి తగిన వెడల్పు అడుగున లేదు. బయలుదేరే ముందు 30 మంది నావికులను ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించి చూస్తే, ఓడ ప్రమాదకరంగా ఊగిందని పరీక్షను మధ్యలోనే ఆపించారు. లోపం తెలిసి కూడా ఓడను పంపించారు.

కర్ర నిలవడానికి ముఖ్య కారణం అక్కడి నీరు. సముద్రంలో కర్రను తొలిచి తినేది టెరిడో అనే జీవి. చూడటానికి పురుగులా ఉన్నా అది ఆల్చిప్పల జాతికి చెందినది. బాల్టిక్ సముద్రంలో స్టాక్‌హోం వైపు నీటికి ఉప్పదనం చాలా తక్కువ కాబట్టి అది అక్కడ బతకలేదు. ఈ సంగతిని ఆధారం చేసుకునే ఆండర్స్ ఫ్రాంజెన్ అనే ఇంజనీరు, పాత ఓడలు అక్కడ చెక్కుచెదరకుండా ఉండి తీరాలని ఊహించి వెతికాడు. 1956లో ఆయన తాడుకు కట్టి జారవిడిచిన బరువైన గుల్ల పరికరం నల్లబడిన ఓక్ ముక్కను కొరుక్కుని పైకి వచ్చింది. దానికి తోడు అడుగున చలి, బురద, వెలుతురు లేని చీకటి ఉన్నాయి. నగరపు మురుగునీరు చేరడం వల్ల ప్రాణవాయువు కూడా తగ్గిపోయి, కర్రను కుళ్లబెట్టే సూక్ష్మజీవుల పని బాగా మందగించింది. ఆ మురుగే తరువాత ఎంత చిక్కు తెచ్చిపెట్టిందో కింద చెబుతాము.

32 మీటర్ల లోతు నుంచి ఓడను లేపిన తీరు చెప్పుకోదగినదే. నౌకాదళపు డైవర్లు ఓడ అడుగు కింద బురదలో ఆరు సొరంగాలు తవ్వారు. కళ్ల ముందు చేయి కూడా కనిపించని చీకటిలో, తల మీద వందల టన్నుల ఓడ ఉండగా పడుకుని, నీటిని జోరుగా చిమ్మే గొట్టంతో మట్టిని కరిగిస్తూ ముందుకు జరగాలి. నీరు ముందుకు చిమ్మితే మనిషి వెనక్కి నెట్టుకుపోతాడు కనుక ఆ గొట్టానికి వెనక్కి చిమ్మే రంధ్రాలు కూడా పెట్టి ఆ తోపును సరిచేశారు. సొరంగాల గుండా ఉక్కు తాళ్లు పోనిచ్చి, మెల్లమెల్లగా లోతు తక్కువ ఉన్న చోటికి జరిపి, తుప్పుపట్టి రాలిపోయిన బోల్టుల రంధ్రాలను మూసి, 1961 ఏప్రిల్ 24న నీటి పైకి తెచ్చారు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. పచ్చికర్ర తేమ పోయేటప్పుడు కుంచించుకుపోయి పగలడం మీకు కొత్త కాదు. శతాబ్దాలు నీటిలో నానిన కర్ర స్థితి అంతకన్నా కష్టమైనది. దాని కణాల గోడలలో చేవ కొంత పోయి, ఆ ఖాళీని నీరే నింపి నిలబెడుతుంది. ఆ నీరు ఆవిరైతే, పోతూ పోతూ బలహీనపడిన గోడలను లోపలికి లాగేస్తుంది. కర్ర ముడుచుకుని, మెలితిరిగి, చీలికలు చీలికలవుతుంది. అందువల్ల ఓడను ఆరనివ్వకుండా తడుపుతూనే, నీటి స్థానంలోకి పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం వంటి పదార్థాన్ని ఎక్కించారు. పూతమందులలోనూ వాడే ఈ పదార్థం నీటిలో కరుగుతుంది. దాని ద్రావణాన్ని 1962 నుంచి 1979 వరకు 17 ఏళ్ల పాటు ఓడ మీద చిలకరించారు; ఆ తరువాత ఆరబెట్టడానికి మరికొన్ని ఏళ్లు పట్టింది. లేపడానికి పట్టిన కాలంతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు. కర్రతో పనిచేసేవారు మెచ్చుకోవలసింది ఈ ఓర్పునే అని మా అభిప్రాయం.

2000 సంవత్సరంలో కర్ర మీద తెల్లని, పసుపుపచ్చని పొడి మచ్చలు కనిపించాయి. మురుగునీటి వల్ల పుట్టిన గంధకపు సమ్మేళనాలు కర్రలోకి ఇంకి ఉండటం, బయట గాలి తగిలాక, బోల్టుల ఇనుము కూడా తోడై, అవి ఆమ్లంగా మారడం ఇందుకు కారణం. ప్రదర్శనశాలలో గాలి తేమను కట్టడి చేసి, ఓడకు బిగించిన 5,000కు పైగా ఇనుప బోల్టులను తీసి తుప్పుపట్టని ఉక్కువి వేశారు.

ఇక చెక్కడాలు. ఓక్, పైన్, లిండెన్ కర్రలతో చేసిన బొమ్మలు, అలంకారాలు కలిపి వందల సంఖ్యలో దొరికాయి. వాటిని పట్టి ఉంచిన మేకులు తుప్పుపట్టి రాలిపోవడంతో చాలా బొమ్మలు ఊడి బురదలో పడ్డాయి. అక్కడ పూడుకుపోవడమే వాటికి మేలు చేసింది. వాటి సందుల్లో మిగిలిన రంగు అణువులను పరీక్షించి, ఒకప్పుడు ఆ బొమ్మలన్నీ ముదురు రంగులతో ఉండేవని తేల్చారు.

ప్రశ్న: నీటి అడుగున తవ్వకం, నేల మీది తవ్వకంలాగే జరుగుతుందా? మన దేశంలో ఈ చదువుకు అవకాశం ఉందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: పద్ధతి ఒకటే, పనిముట్లు వేరు. 1545లో ఇంగ్లండు తీరాన మునిగి, 1982 అక్టోబరు 11న లేపిన మేరీ రోజ్ యుద్ధనౌక దగ్గర దాదాపు 28,000 సార్లు డైవర్లు నీటిలోకి దిగారు. చేత్తోనో తాపీతోనో పూడికను కదిలిస్తే, అడుగున గాలి ఎక్కించిన నిలువు గొట్టం దాన్ని పీల్చి దూరంగా పారబోస్తుంది. ప్లాస్టిక్ రేకు మీద పెన్సిల్‌తో రాస్తారు, గీస్తారు. ప్రతి వస్తువూ ఎక్కడ ఉందో స్థిరమైన గుర్తుల నుంచి టేపుతో కొలుస్తారు. ఇప్పుడు వందల ఫొటోలు కలిపి కంప్యూటరులో త్రిమితీయ రూపం కూడా తయారుచేస్తున్నారు. ఆ ఓడలోని వడ్రంగి గదిలో చిత్రికలు దొరికాయి; ఇనుప కత్తులు కరిగిపోగా కొయ్య భాగాలు నిలిచాయి. (పై శిల్పిగారు దీనిని కూడా చదువుతారని ఆశిస్తున్నాము.)

మన దేశంలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ద్వారక వంటి చోట్ల పరిశోధించింది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు 2001 నుంచి ఇందుకోసం ప్రత్యేక విభాగం ఉంది. ముందు పురావస్తుశాస్త్రంలో పట్టా, ఆ తరువాత డైవింగ్ శిక్షణ అనే క్రమం మంచిది. మీ ఊళ్లోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పురావస్తు విభాగం ఉన్నందున మొదటి మెట్టుకు దూరం వెళ్లనక్కరలేదు.

ప్రశ్న: మా తీరంలో అలాంటి ఓడలు ఉండవచ్చా? వలలో పాత ఇనుప ముద్ద వంటిది పడితే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, దుగరాజపట్నం

జవాబు: మీ ఊళ్లోనే 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం నడిపింది, ఈ తీరం వెంట ఓడల రాకపోకలు చాలానే ఉండేవి. 1761 జనవరి 1 నాటి తుఫానులో పుదుచ్చేరి దగ్గర బ్రిటిష్ యుద్ధనౌకలు కొన్ని మునిగాయి, కొన్ని ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలాయి. అయితే బంగాళాఖాతపు వెచ్చని ఉప్పునీటిలో టెరిడోకు కొదవ లేదు కనుక, పూడికలో కూరుకుపోయిన కర్ర మాత్రమే మిగులుతుంది. ఫిరంగులు, లంగర్లు, అడుగు బరువుకు వేసిన రాళ్లు దొరకడానికే అవకాశం ఎక్కువ.

గట్టి పెచ్చుతో ఉన్న ఇనుప ముద్ద దొరికితే దానిని సుత్తితో కొట్టవద్దు, ఎండబెట్టవద్దు. ఆరితే లోపలి ఉప్పు గడ్డకట్టి ఇనుమును పొరలుపొరలుగా ఊడదీస్తుంది. తొట్టిలో నీరు పోసి అందులోనే ఉంచి, దొరికిన చోటు గుర్తుపెట్టుకుని, తహసీల్దారుకు గానీ పురావస్తు శాఖకు గానీ తెలియజేయండి. ఒక్కోసారి పెచ్చు లోపల ఇనుము పూర్తిగా కరిగి గుల్లగా ఉంటుంది. నిపుణులు దానిని ఎక్స్‌రే తీసి, ఆ గుల్లలో రెసిన్ పోసి, వస్తువు అసలు ఆకారాన్ని తిరిగి రాబడతారు. పెచ్చు పగిలితే ఆ అచ్చు కూడా పోతుంది.