నాన్న బుద్ధే నాకూ వస్తుందా?

ప్రశ్న: మాది కోనసీమలో సఖినేటిపల్లి వైపు ఒక ఊరు. 1996 తుఫాను ఏడాది పుట్టాను. అంతకు రెండేళ్ల ముందు మా నాన్న పొలాన్ని చెరువు చేసి టైగర్ రొయ్య వేస్తే వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చి మొత్తం పోయిందట. ఉన్న కొబ్బరి చెట్లు తుఫానుకు పడిపోయాయి. అప్పటినుంచి తాగుడే. నాకు పద్నాలుగేళ్లప్పుడు చనిపోయారు. నేను ఎం.ఏ. తెలుగు చదివి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. నిరుడు రెండెకరాల చెరువు లీజుకు తీసుకుని వెనామీ రకం రొయ్య వేశాను. మొదటి పంట బాగానే వచ్చింది. రెండోది నలభయ్యో రోజున వైట్ స్పాట్‌తో పోయి అప్పు మిగిలింది. ఆ వారం మూడు రాత్రులు తాగాను. అమ్మ చూసి, ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అంది. ఒక సంబంధం కుదిరేలా ఉంది. అమ్మాయి కూడా ఒప్పుకుంది. వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను. మొన్న పిల్లలకు కర్ణుడి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. అతణ్ణి చెడగొట్టింది పుట్టుకా, బుద్ధా? మరి నా సంగతేమిటి?

జవాబు: మీరు కర్ణుడి దగ్గర ఆగిపోయారు కాబట్టి అక్కడినుంచే మాట్లాడుకుందాం.

అతనికి జరిగిన అన్యాయం చిన్నది కాదు. పుట్టగానే నీళ్లలో వదిలేశారు. విలువిద్య చూపించడానికి రంగంలోకి వస్తే కులం అడిగి తల దించుకునేలా చేశారు. ఆ క్షణంలో చెయ్యి అందించినవాడు దుర్యోధనుడు ఒక్కడే. భీష్ముడో, ద్రోణుడో ఆ రోజు ఒక మంచిమాట అని ఉంటే కథ ఇంకో దారిలో నడిచేదని నేను గట్టిగా నమ్ముతాను. ఇంతవరకూ తప్పంతా పరిస్థితులదే.

కానీ సభాపర్వం మళ్ళీ తెరవండి. మన గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తెలుగు చేసిన భాగమే అది. ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చినప్పుడు ఇది ధర్మం కాదని లేచి చెప్పిన కుర్రవాడు వికర్ణుడు. ఎవరతను? దుర్యోధనుడి సొంత తమ్ముడు. అదే తల్లి, అదే తండ్రి, అదే ఇంటి తిండి. అతణ్ణి కసిరి కూర్చోబెట్టిన వాడు కర్ణుడు. ఆ రోజు ద్రౌపదిని అవమానించే మాటలు అనమని కర్ణుణ్ణి ఎవరూ అడగలేదు. రక్తమే మనిషిని నడిపించేటట్టయితే వికర్ణుడు లేవకూడదు. పుట్టుకలో పడ్డ అవమానమే మనిషిని పాడుచేసేటట్టయితే, దాసి కడుపున పుట్టిన విదురుడు అదే సభలో అంత నిలకడగా న్యాయం మాట్లాడకూడదు.

ఇంకొక సంగతి కూడా పిల్లలకు చెప్పండి. ఆ వికర్ణుడే తర్వాత అన్న పక్షాన యుద్ధం చేసి భీముడి చేతిలో చనిపోయాడు. సభలో అంత ధైర్యం చేసినవాడికి బయటికి వచ్చాక తోడు నిలిచినవాళ్ళు ఎవరూ కనిపించరు. ఉన్నచోటే ఉండిపోయాడు. మీ మూడు రాత్రుల గురించి ఆలోచిస్తుంటే నాకు కర్ణుడి కన్నా వికర్ణుడే ఎక్కువ గుర్తొస్తున్నాడు. మీ బుద్ధి మంచిదే. దానికి చుట్టూ ఏ ఏర్పాటూ లేదు.

ఏర్పాటు అన్న మాట ఊరికే వాడలేదు. టంగుటూరి ప్రకాశం గారి చిన్నతనం తీసుకోండి. పదకొండేళ్లకే తండ్రి పోయాడు. తల్లి ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఈయనేమో నాటకాల పిచ్చి, అల్లరి సావాసాలు. ఆ ఊళ్ళో ఆ రోజు మీ అమ్మగారి సామెత ఎవరైనా అని ఉంటే కాదనడానికి ఎవరి దగ్గరా రుజువు లేదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు ఆ కుర్రవాణ్ణి వదలకుండా తనతో రాజమండ్రి తీసుకొచ్చి చదివించారు. రాజమండ్రి వచ్చినా అల్లరి వెంటనే పోలేదు. నాటకాలూ పోలేదు. కానీ చదువు ఆగలేదు, ఎందుకంటే ఆగనివ్వని మనిషి ఒకరు పక్కన ఉన్నారు. ఆ ప్రకాశం గారే తర్వాత ఇంగ్లండు వెళ్ళి బారిస్టరయ్యారు, 1928లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తెగువ చిన్నప్పటి మొండితనమే. మాస్టారు దాన్ని పీకేయలేదు, దానికి ఒక దారి చూపించారు. ఆ దారిని నడిచింది మాత్రం ప్రకాశం గారే.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. 1994, 95లలో ఆ వైరస్ మన కోస్తాలో ఎన్నో టైగర్ రొయ్య చెరువులను ఊడ్చుకుపోయింది. ఇప్పుడు మీరు సీడ్‌ను, అంటే రొయ్య పిల్లలను, వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష చేయించి వేస్తారు. వైట్ స్పాట్ అంటే ఏమిటో పక్క చెరువు కుర్రవాడికి కూడా తెలుసు. అప్పుడు చచ్చి తేలుతున్న రొయ్యను చూసి ఏం జరుగుతోందో చెప్పే మనిషే లేడు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. చేతిలో పసిబిడ్డ, మీరు. తాగడం సరైన పని అని నేను అనడం లేదు. అది మీ అమ్మగారి జీవితాన్ని, మీ చిన్నతనాన్ని తినేసింది. కానీ అది ‘బుద్ధి’ అని ఒక్క మాటతో తేల్చేస్తే ఆయనకు అన్యాయం, మీకు ప్రమాదం. ఆయన దుఃఖానికి వైద్యం ఉంటుందని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

మీకు చెబుతున్నాను. తాగుడు వైపు మొగ్గు కొంత వంశంలో వస్తుంది, అది నిజం. అయితే తాగే తండ్రులకు పుట్టినవాళ్ళలో ఎక్కువమంది తాగుబోతులు కారు, అదీ నిజమే. మీకు మిగతావాళ్ళకన్నా ముప్పు ఎక్కువ కాబట్టి ‘కొంచెం తాగితే ఏమవుతుంది’ అనే మాట మీకు వర్తించదు. పూర్తిగా మానేయండి. చెరువు లెక్కలు చూసుకునే సాయంత్రాలు ఒంటరిగా ఉండకండి. టెన్షన్ పెరిగి మళ్ళీ అటు మనసు లాగితే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా పలుకుతారు. చెరువు విషయంలో నా మాట ఒకటే. అప్పు తీరేదాకా ఒక్కరే లీజుకు దిగవద్దు. వేస్తే భాగస్వామితో వేయండి, జీతం డబ్బు మాత్రం అందులో పెట్టకండి.

మనం కూర్చున్న ఈ నేల సంగతే చూడండి. 1832, 33 కరువులో ఇదే గోదావరి పక్కన జనం తిండిలేక చనిపోయారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక ఇదే నేల అన్నం పెట్టింది. వరద వచ్చే గుణం నదికి ఇప్పటికీ పోలేదు, అందుకే లాకుల దగ్గర మనిషి ఉంటాడు.

మీ అమ్మగారి మాట మిమ్మల్ని కోసిందని తెలుస్తోంది. ఆవిడ ఆ సామెత అన్నది మిమ్మల్ని తిట్టడానికి కాదనుకుంటాను. గ్లాసు చూడగానే ఆవిడకు పాతికేళ్ల కిందటి రాత్రులు కళ్ళముందుకు వచ్చి ఉంటాయి. అది భయం. ఆవిడ దగ్గర వాదించకండి. పది రోజులు వేళకు ఇంటికి వచ్చి ఆవిడ పక్కన కూర్చుని భోంచేయండి.

సంబంధం వద్దని మీరొక్కరే తేల్చేయడం ఆ అమ్మాయికి గౌరవం కాదు. ఆవిడ ఒప్పుకున్నది సగం సంగతులు తెలిసి. మిగతా సగం మీరు చెప్పాలి. అప్పు ఎంతో కాగితం మీద రాసి చూపించండి. నాన్నగారి తాగుడు, మీ మూడు రాత్రులు, రెండూ మీ నోటితోనే చెప్పండి. మధ్యవర్తి ద్వారా చేరితే అది వేరే కథ అవుతుంది. విన్నాక ఆవిడ కాదంటే ఆ నిర్ణయం ఆవిడది, బాధపడినా ఒప్పుకోండి. అవునంటే అప్పటినుంచి లెక్కల పుస్తకం ఇద్దరిదీ.

అయితే దానికన్నా ముందు ఒక పని ఉంది. మీరు పుట్టకముందు, చెరువు పోకముందు, మీ నాన్నగారు ఎలా ఉండేవారో మీ అమ్మగార్ని అడగండి. ఏం పాటలు పాడేవారు, ఎవరితో నవ్వేవారు, పెళ్లయిన కొత్తలో ఆవిణ్ణి ఏ తీర్థానికి తీసుకెళ్ళారు. అంతర్వేది తీర్థం మీకు దగ్గరే కదా. ఆయనలో మీకు తెలియని మనిషి ఒకరు ఉన్నారు. ఆ మనిషి పోలికలు కూడా మీకు వచ్చే ఉంటాయి. అవేమిటో తెలిశాక ఆ అమ్మాయికి ఫోన్ చేయండి. కర్ణుడి పాఠం ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మొదలుపెట్టి, వికర్ణుడి మాట కూడా పిల్లలకు చెప్పండి.