ఎడమొహం పెడమొహం హంసలు

మైలాపూరు, చెన్నై

బుజ్జితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టావట, బెంగళూరులో ఒక హాలు మాట్లాడావట, చీరలూ రాగాలూ జానపద కథలూ ప్రోటీన్లూ అన్నీ ఒక్కచోట చేర్చి ‘మోటిఫ్’ (పదే పదే కనబడే అల్లిక) అన్న పేరుతో ప్రదర్శన పెడతావట. ముందు కోపం వచ్చింది. నలభై ఏళ్లు గళ్ల కాగితం మీద బుటాలు గీసి బతికిన అత్తయ్య ఉండగా, ఈ కబురు నేను మీ నాన్న నోట వినాలా? తర్వాత నిద్ర పట్టలేదు. నా బల్ల కింద కూర్చుని, నేను పారేసిన కాగితాల్లో ఖాళీ గళ్లకి రంగులు వేసిన పిల్లవి నువ్వు. గర్వమూ దిగులూ కలిసి కూర్చోబెట్టాయి. తెల్లారాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. హాలు అడ్వాన్సుకి రసీదు తీసుకో. పట్టుచీరల మీద ఎండ పడనీకు, ఒకే మడతలో రోజుల తరబడి ఉంచకు. వేళకి తిను.

నా భయం వేరే ఉంది. ఒకేలా కనబడేవన్నీ ఒకటేనని గోడ మీద రాసేస్తావేమోనని. మామిడి పిందెనే తీసుకో. మనకది పిందె. పర్షియాలో దాన్ని బోతే అంటారు, పొద అని అర్థం. కాశ్మీరు శాలువల మీదుగా అది తెల్లవాళ్ల సీమకి పోయింది. స్కాట్లాండులో పైస్లీ అనే ఊళ్లో ఆ శాలువలకి నకళ్లు నేసేవాళ్లు కాబట్టి తెల్లవాళ్లు దానికి ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. మూడిటినీ పక్కపక్కన వేలాడదీసి ‘అన్నీ మామిడే’ అని చీటీ అంటిస్తే, పొద అనుకుని నేసినవాడికి ఏం జవాబు చెబుతావు?

నేనెందుకింత పట్టు పడుతున్నానో నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

1983. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఒక పట్టుచీరల కొట్టుకి డిజైన్లు గీసేదాన్ని. పెళ్లిచీర ఒకటి వచ్చింది. చిలకపచ్చ ఒళ్లు, అరక్కు (లక్క ఎరుపు) అంచు, కొంగు నడుమ పెద్ద హంసల జంట. ఆ జకార్డు మగ్గానికి, అంటే చిల్లుల అట్టలతో పోగులు ఎంచి లేపే మగ్గానికి, కొంగులో సగం గీస్తే చాలు. కుడి సగంలో ఒక పోగు లేస్తే ఎడమ సగంలో దాని జోడు పోగు కూడా లేచేలా దారాలు కట్టి ఉంటాయి. రెండో సగం అద్దంలో నీడలా దానంతటదే వస్తుంది. పోగుల్ని లేపే కొక్కేలు సగం సరిపోతాయి.

ఆ హంసని పది రోజులు గీశాను. ఈకకి ఈక లెక్కపెట్టి గళ్లు నింపాను. ముక్కున తామరతూడు పెట్టాను. మెడ వంపు బయటివైపు తిప్పితేనే ముచ్చటగా వచ్చిందని ముక్కు అంచువైపు ఉంచాను. అంటే కొంగు నడిమధ్యకి వచ్చేది తోక. అది నాకు తట్టనే లేదు. గీసింది సగం, చూసిందీ సగమే.

నేత జానెడు సాగాక కంచి పిళ్లయార్‌పాళ్యం నుంచి నేతాయన కొడుకుని బస్సెక్కించి పంపాడు. పదేళ్లవాడు. వాళ్లింట్లో తెలుగే. ‘పక్షులు ఇలాగే ఉండాలా అని నాన్న అడగమన్నాడమ్మా’ అన్నాడు. నేనింకో డిజైను మీద ఉన్నాను. తల కూడా ఎత్తలేదు. ‘కాగితంలో ఉన్నట్టే నెయ్యమను’ అన్నాను. వాడు కాసేపు గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయాడు.

చీర వచ్చాక పెళ్లికూతురి అమ్మమ్మ కొంగు విప్పింది. రెండు హంసలూ నడుమ తోకలు ఆనించుకుని చెరోవైపు చూస్తున్నాయి. ‘ఎడమొహం పెడమొహం పక్షుల్ని కప్పుకుని నా మనవరాలు పీటల మీద కూర్చోవాలా?’ అంది. గట్టిగా కూడా అనలేదు. చీర మడిచి పక్కకి జరిపింది.

కొట్టువాళ్లు నేత కూలి ఆపేశారు. ఇరవై రోజుల కూలి, ఇంటిల్లిపాదీ పడ్డ కష్టం. నేను మూడు నెలల జీతంలోంచి కొంచెం కొంచెం దాచి, కంచి వెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నన్నొక్క మాట అనలేదు. మంచినీళ్లిచ్చాడు. ఆ కుర్రాడు మాత్రం మగ్గం గుంట పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు తల్లీ.

హంసలో తప్పు లేదు. ఒక్క ఈకలో తప్పు లేదు. దాని పక్కన ఎవరొచ్చి కూర్చుంటారో నేను చూసుకోలేదు.

మీ మామయ్య మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివినవాడు. ఆ చీర గొడవప్పుడు నేను తిండి మానేస్తే, ఒక సాయంత్రం నా జడ పట్టుకుని మూడు పాయలూ విడదీసి చూపించాడు. మన ఎముకల్లో, చర్మంలో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఇలాగే మూడు పాయల అల్లిక. జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే శాస్త్రవేత్తలు ఈ ఊళ్లోనే ఉండి 1954లో ఆ సంగతి లోకానికి చెప్పారు. ప్రతి పాయా అమైనో ఆమ్లాల వరస, అందులో ప్రతి మూడో చోటా గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి. ఆ చోటు అల్లిక లోపలికి వస్తుంది, అక్కడ ఇరుకు, అమైనో ఆమ్లాలన్నిట్లోకీ చిన్నదైన గ్లైసినే పడుతుంది. ఒక్కచోట ఇంకొకటి వచ్చి కూర్చుంటే అల్లిక చెడుతుంది. పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే జబ్బుకి అదొక ముఖ్య కారణం. ‘గ్లైసిన్ గొప్పది కాదే, అది కూర్చున్న చోటు గొప్పది’ అన్నాడు. జడ మళ్లీ ఆయనే అల్లాడు, వంకరగా. ఆ రాత్రి అన్నం తిన్నాను.

పాటలోనూ ఇంతే. ఆరభి, దేవగాంధారి రాగాల ఆరోహణ అవరోహణలు, అంటే స్వరాలు ఎక్కే దిగే వరసలు, కాగితం మీద రాస్తే తేడా కనబడదు. పాడితే ఆరభి చురుగ్గా నడుస్తుంది, దేవగాంధారి నిదానంగా ఊగుతుంది. ఏ స్వరం మీద ఎంతసేపు నిలిచి, ఎలా కదిపి, ఎటు దిగుతారో ఆ ప్రయోగమే రాగాన్ని పట్టిస్తుంది. కాబట్టి హాల్లో స్వరాల పట్టిక పెట్టకు. పాడించి వినిపించు.

కథల గోడ గురించి నాకు బెంగ లేదు. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని నీకు చెప్పిందే నేను. రష్యావాళ్ల కథలో అదే ప్రాణం గుడ్డులోని సూదిలో ఉంటుంది. జానపద కథల పండితుడు స్టిత్ థాంప్సన్ 1932 నుంచి 1936 దాకా ఆరు సంపుటాలుగా వేసిన కథల మోటిఫ్‌ల పట్టికలో ఈ ‘ఒంటి బయటి ప్రాణా’నికి ఈ710 అని అంకె కూడా ఉంది. అంకె రాయి, తప్పులేదు. కానీ చిలక మెడ విరిచేది ఎవరో, ఎవరి కోసమో కూడా రాయి. బాలనాగమ్మ కొడుకు లేకుండా ఆ చిలక ఒట్టి చిలక.

నీ సైన్సులో నాకు నచ్చినదొకటి ఉంది. పోయినేడు సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పావు. 2002లో యూరి అలోన్ అనే శాస్త్రవేత్త బృందం, ఒకదాన్నొకటి నడిపే జన్యువుల వలలో ఒక అల్లిక ఊరికే పదే పదే కనబడితే చాలదంది. తీగలు ఇష్టమొచ్చినట్టు మార్చి కట్టిన ఉత్తుత్తి వలల్లో కన్నా అసలు వలలో బాగా ఎక్కువసార్లు కనబడితేనే దాన్ని మోటిఫ్ అన్నారని. ఆ పట్టుదల నీ చీరల గోడకీ కావాలి. ‘ఈ పోలిక కాకతాళీయం కావచ్చునా?’ అని ప్రతి జోడీ దగ్గరా నిన్ను నువ్వు అడుగు. కావచ్చు అనిపిస్తే ఆ జోడీ తీసెయ్, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

మోటిఫ్‌కి ఒకే తెలుగు మాట కావాలని మీ నాన్నని అడిగావట. వెతక్కు. లాటిన్‌లో కదిలించడం అనే మాట నుంచి అది ఫ్రెంచి మీదుగా వచ్చింది. మన దగ్గర సాలెవాళ్లకి బుటా ఉంది, పాటవాళ్లకి ప్రయోగం ఉంది. ఎవరి మాట వాళ్లకి ఉండనీ. ఒక్క మాట కింద అందర్నీ తోశావంటే వాళ్ల పని కనబడకుండా పోతుంది.

ఇంకొకటి, ఇది మాత్రం ఆజ్ఞే అనుకో. చీటీలన్నీ రాశాక అచ్చుకి ఇవ్వకముందు ఒక నేతాయనకీ, ఒక పాడే ఆవిడకీ చదివి వినిపించు. వాళ్లు ‘ఇలాగే ఉండాలా?’ అని అడిగితే చేతిలో పని కింద పెట్టి తల ఎత్తు.

శుక్రవారం మీ నాన్న బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. ఆ 1983 నాటి సగం హంస కాగితం పంపుతున్నాను. ఇన్నేళ్లూ బీరువా అడుగున దాచాను, ఎవరికీ చూపించలేదు. నీ హాల్లో పెట్టు. తోకవైపు అంచుకి ఆనించి నిలువుగా ఒక అద్దం నిలబెట్టు, వచ్చినవాళ్లకి రెండో హంస కనబడుతుంది. కాగితం పెళుసుబారింది, మేకులు కొట్టకు. మడత విప్పేటప్పుడు మెడ దగ్గర జాగ్రత్త, అక్కడ చిరుగు మొదలైంది.

మీ అత్తయ్య