ధ్రువాల దగ్గరికి వెళ్ళి గాలిని కొలవడం ఎందుకు?

ఫ్యాక్టరీలు, వాహనాల రద్దీ లేని ధ్రువాల దగ్గరికి వెళ్ళి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ కొలవడం దేనికని ఒకరు అడిగారు. అవేవీ లేవు కాబట్టే అక్కడికి వెళ్ళాలి. నగరం పక్కన కొలిస్తే ఆ నగరం సంగతే తెలుస్తుంది. ఎక్కడెక్కడి వాయువులో నెలల తరబడి కలుస్తూ దక్షిణ ధ్రువం చేరతాయి. అందుకే అక్కడి అంకె ఏ ఒక్క ఊరిదో కాదు, దాదాపు దక్షిణార్ధగోళం మొత్తానిది. 1957 నుంచి అక్కడ కార్బన్ డయాక్సైడ్ కొలుస్తున్నారు. 2016 మే నెలలో అది మొదటిసారి 400 పీపీఎం, అంటే పది లక్షల అణువుల్లో 400, దాటింది.

నేను అక్కడ ఒక చలికాలం ఈ పనే చూశాను. పరికరాలను సంభాళించడం కన్నా మనం ఆ గాలిలో కలవకుండా చూసుకోవడమే కష్టం. మనిషి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 4 శాతం, అంటే 40,000 పీపీఎం. మనకు కావలసిన కచ్చితత్వం 0.1 పీపీఎం కన్నా సన్నం! అక్కడి పరిశోధన స్టేషన్‌కు గాలి వచ్చే వైపున ‘క్లీన్ ఎయిర్ సెక్టార్’ అని ఒక ప్రాంతం ఉంది. అందులోకి వాహనాలు వెళ్ళకూడదు.

నమూనా పట్టే ఒక పద్ధతి చెబుతాను. లోపలి గాలంతా ముందే లాగేసిన గాజు ఫ్లాస్క్ తీసుకుని బయటికి వెళ్తాం. గాఢంగా ఊపిరి పీల్చి, బిగబట్టి, గాలికి ఎదురుగా కొన్ని అడుగులు వేసి, ఫ్లాస్క్‌ను తలకు పైగా ఎత్తి ట్యాప్ తిప్పాలి. బుస్సుమని గాలి లోపలికి దూసుకుపోతుంది. ఆ శబ్దం ఆగాక ట్యాప్ బిగించి, వెనక్కి వచ్చాకే ఊపిరి వదలాలి. మైనస్ 60 డిగ్రీల చలిలో, దళసరి గ్లోవ్స్‌తో ఆ చిన్న ట్యాప్ దొరకబుచ్చుకోవడం నిజంగా టెన్షనే. జంటగా పట్టిన ఫ్లాస్కుల ఫలితాలు ఒకదానితో ఒకటి సరిపోకపోతే ఆ నమూనాను నమ్మలేం. చలికాలమంతా మామూలుగా విమానాలు రావు కాబట్టి, ల్యాబ్‌కు పంపాలంటే నెలలు ఆగాలి.

ఇది కాక, లోపల లేజర్ పరికరాలు నిరంతరం కొలుస్తూనే ఉంటాయి. వాటికి గాలిని ముందే ఆరబెట్టాలి, నీటి ఆవిరి ఉంటే అంకె మారిపోతుంది. ఎంత మోతాదు వాయువు ఉందో ముందే తెలిసిన సిలిండర్లతో తరచూ సరిచూడాలి కూడా.

ఆసక్తి ఉంటే సముద్రాలు, వాతావరణాన్ని గమనించే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైట్‌లో అలాస్కాలోని బారో, దక్షిణ ధ్రువం గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూడండి. బారోలో కార్బన్ డయాక్సైడ్ ఏటా 15 పీపీఎంకు పైగా పెరిగి తగ్గుతుంది. ఉత్తరార్ధగోళంలోని అడవులు వేసవిలో దాన్ని పీల్చుకోవడమే ముఖ్య కారణం. దక్షిణ ధ్రువంలో ఆ ఊగిసలాట ఒకటి రెండు పీపీఎం మించదు. పైకి ఎక్కడం మాత్రం రెండింట్లోనూ కనిపిస్తుంది.