అంగన్‌వాడీకి వెళ్లబోతున్న చిత్రకారునికి

హనుమకొండ

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఊరి అంగన్‌వాడీ టీచరుతో కలిసి మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో బొమ్మల పని మొదలుపెట్టాలనుకుంటున్నట్లు నీ ఉత్తరం వల్ల తెలిసింది. నా ఉద్యోగమంతా అంగన్‌వాడీల పర్యవేక్షణలోనే గడిచింది కనుక, కళాకారులు వచ్చి వెళ్లిన తరువాత ఏది నిలిచిందో, ఏది మరునాటికే అటకెక్కిందో చూసిన మేరకు రాస్తున్నాను.

ముందు టీచరు పని ఎంతో తెలుసుకో బిడ్డా. పిల్లలను కూడగట్టడం, బరువులు తూచడం, పాలు, గుడ్లు, ఆరోగ్యలక్ష్మి భోజనానికి వచ్చే గర్భిణులు, బాలింతలు, ఆపైన ఫోనులో ఎక్కించవలసిన వివరాలు. వీటి మధ్య ఆమె నీకు ఇవ్వగలిగేది ముప్పావు గంట, అది ఏ వేళ అన్నది కూడా ఆమే చెప్పాలి. ఏ పిల్లవాడు మట్టి ముట్టడానికి జంకుతాడో, ఇంట్లో లంబాడీ మాట్లాడే ఏ పాప కేంద్రంలో నోరు విప్పదో ఆమెకూ ఆయాకూ తెలుసు. నీకు తెలిసినవి రంగూ మట్టీ. అందుకే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాకే పిల్లల ముందుకు వెళ్లాలి. ఇటలీలోని రెజ్జియో ఎమీలియా పట్టణ పురపాలక సంఘం 1963 నుంచి నడుపుతున్న శిశు పాఠశాలల్లో కళాకారులు కూడా ఉపాధ్యాయులతో పాటు సిబ్బందిగానే ఉంటారు. అంతటి ఏర్పాటు మనకు లేకపోయినా, పిల్లలు చేసినవి ముందు పెట్టుకొని వారానికొకసారి టీచరుతో మాట్లాడటానికి పైసా ఖర్చు కాదు.

సామగ్రి కోసం దూరం పోనక్కరలేదు. ఒకప్పటి మన వరంగల్ జిల్లాలోనిదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ కళాకారులు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముఖాల బొమ్మలు చేస్తారు. ఆ ముద్దను ఇంట్లోనే సిద్ధం చేసుకొని తీసుకుపో. మొదట అది వేళ్లకు అంటుకుంటే కొందరు చేతులు వెనక్కి లాక్కుంటారు. పక్కవాడు పిసుకుతుంటే చూసి, ఒక వేలితో పొడిచి, ఆ గుంటలో మరో వేలు పెట్టి, చివరికి రెండు చేతులా పట్టుకుంటారు. పాము అన్నది మరు నిమిషంలో జొన్నరొట్టె అవుతుంది, నువ్వు దిద్దబోకు. అది ఆరడానికి రోజులు పడుతుంది కనుక రంగుల పని మరో వారానికి వదిలెయ్. విడి గింజలు మాత్రం పసివాళ్ల అందుబాటులో ఉంచకు, ముక్కుల్లో దోపుకుంటారు.

ఫాల్గుణంలో మోదుగుపూలు ఉడికిస్తే కాషాయపు నీళ్లు వస్తాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారడం పిల్లలకు ఎంతో ఇష్టమైన వింత. అయితే కళ్లకూ చర్మానికీ ప్రమాదం కనుక సున్నం కలిపే పని పెద్దల చేతుల్లోనే ఉండాలి.

గీతల విషయంలో ఒక్కటే కఠినంగా చెబుతాను. బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు గీసి అందరిచేతా దింపించకు. (మన ఊళ్లలో పిల్లలకు కనిపించేది తాటిచెట్టు; ఆ కొబ్బరిచెట్టు ఎవరు తెచ్చిపెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) మూడేళ్ల పిల్ల సుద్దను పిడికిట పట్టి భుజమంతా కదిలిస్తుంది కనుక చిన్న కాగితం చాలదు, నేలను ఇవ్వు. ఏం గీశావని వెంటపడి అడగవద్దు; ఆమె తనంతట తాను చెప్పిన మాటను టీచరు చేత తేదీతో సహా రాయించు. అది తల్లిదండ్రుల సమావేశంలో చూపించడానికి కూడా పనికివస్తుంది.

నీ పారితోషికం సంగతి మొహమాటం లేకుండా ముందే తేల్చుకో. అంగన్‌వాడీల పై అధికారి అయిన సీడీపీఓ గారి అనుమతి కోసం ఒక పేజీ ఉత్తరం రాసి, అందులో వారాలు, వేళలు, సామగ్రి వివరంగా పెట్టి, నీ సంతకం పక్కన టీచరు సంతకం కూడా చేయించు.

ఇట్లు,
పెద్దమ్మ