పరిగె ఏరుకునేవాళ్ళ మీద తీసిన ఒక ఫ్రెంచి డాక్యుమెంటరీ

పారేసిన తిండి ఏరుకుని బతికేవాళ్ళను జాలిగొలిపే బొమ్మలుగా కాక మనుషులుగా చూపిన డాక్యుమెంటరీ ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది. ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వార్దా 2000లో, తన డెబ్బై దాటిన వయసులో, చిన్న డిజిటల్ కెమెరా పట్టుకుని ఫ్రాన్స్ అంతా తిరిగి తీసిన ‘లే గ్లానర్ ఎ లా గ్లానజ్’ (ఇంగ్లీషులో ‘ది గ్లీనర్స్ అండ్ ఐ’) అనే చిత్రం అది. ఆ పేరులోని ‘గ్లీనర్స్’ అంటే కోత తరువాత చేలో మిగిలినది ఏరుకునేవాళ్ళు; అలా ఏరుకునేదానికి మన దగ్గర ‘పరిగె’ అనే చక్కటి మాట ఉంది. అనంతపురం జిల్లాలో మా అవ్వ, చేనుగల ఆసామి వేరుశనగ చెట్లు పీకించి బండికెత్తిన తరువాత, కొడవలి మొనతో మట్టి పెళ్ళగించి మిగిలిన కాయలను కొంగులో వేసుకునేది. అది అడుక్కోవడం కాదని మాకు వేరే చెప్పనవసరం లేకపోయేది.

చిత్రంలో ఒకచోట పొలం మధ్య నల్లకోటు వేసుకున్న న్యాయవాది చట్టం పుస్తకం చేతబట్టి, కోత ముగిసిన తరువాత పొద్దుపొడుపు నుండి పొద్దుగుంకే వరకు ఏరుకోవచ్చునని, ఇది 1554 నాటి రాజశాసనం నుండి వస్తున్న హక్కని వివరిస్తాడు. మరొకచోట, పరిమాణం కుదరక ట్రక్కులతో తెచ్చి పారబోసిన బంగాళాదుంపల గుట్టలో వార్దాకు హృదయాకారపు దుంపలు దొరుకుతాయి. ఆమె వాటిని ఇంటికి తెచ్చుకుంటుంది.

నన్ను నిలువునా కదిలించినది మాత్రం సంత ఎత్తేసే వేళ నేలమీది ఆకుకూరను, ఆపిళ్ళను అక్కడికక్కడే తినే ఒక మనిషి. జీవశాస్త్రం చదువుకున్న ఆయన ఏ ఆకులో ఏ విటమిన్ ఉందో చెబుతూ తింటాడు. సాయంత్రాలు తానుండే వసతిగృహంలో, ఆఫ్రికా నుండి వచ్చిన వలసకార్మికులకు డబ్బు తీసుకోకుండా ఫ్రెంచి నేర్పుతాడు.

నేను పారిస్‌లో చదువుకున్న రెండేళ్ళలో, నెలాఖరున డబ్బు అయిపోయినప్పుడు అలాంటి సంతకే వెళ్ళేవాణ్ణి. మొదటిసారి, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని తలవంచుకుని పైపెట్టెలోని పీచ్ (peach) పళ్ళు నాలుగు తీసుకుంటుంటే, పక్కనున్న ముసలావిడ నా చేయి ఆపి, అడుగు పెట్టెలోవి చూపించింది: ఒక్క పక్కన మాత్రమే కమిలి, మిగతా అంతా గట్టిగా ఉన్న పళ్ళు. కమిలిన మేర చాకుతో ఎలా తీసేయాలో కూడా ఆవిడే చూపింది.

చిత్రంలోని ఒక దుకాణంవాళ్ళు చెత్తడబ్బాలోని తిండి మీద బ్లీచ్ పోయించిన సంగతి మాత్రం నాకు నేటికీ మింగుడుపడదు. 2016లో ఫ్రాన్స్ చట్టం చేసి, 400 చదరపు మీటర్లు దాటిన సూపర్‌మార్కెట్లు తినదగిన సరుకును అలా కావాలని పాడుచేయడాన్ని నిషేధించింది. దాన్ని సేవాసంస్థలకు ఇచ్చేందుకు ఒప్పందం చేసుకోవాలని విధించింది.

సంతలో మొదటిసారి ఏరుకున్న ఆ రాత్రి అవ్వకు ఫోన్‌లో పీచ్ పళ్ళ సంగతి చెప్పాను. ఆమె నొచ్చుకుంటుందని భయపడ్డాను. ‘‘ఆసామిని అడిగినావా?’’ అని మాత్రం అడిగింది.