3,35,50,336: పూర్ణమా, పరిపూర్ణమా?

సందేహం: మా అమ్మాయి లెక్కల నోట్సులో '33550336 ఒక పరిపూర్ణ సంఖ్య' అని ఉంది. పూర్ణాంకం, పూర్ణ సంఖ్య, పరిపూర్ణ సంఖ్య అన్నీ ఒకటే కదా? దీన్ని అక్షరాల్లో 'మూడు కోట్లు ముప్పై ఐదు లక్షలు...' అని రాస్తే టీచరు దిద్దారట. ఎందుకు?

సమాధానం: నిఘంటువు వరకైతే మీ మాట నిజమే. పూర్ణం అంటే నిండినది. ముందు 'పరి' చేరితే అన్నివైపులా నిండినది. మాటల్లో ఈ తేడా పెద్దగా పట్టించుకోం. గణితంలో మాత్రం ఒక్కో మాటకు ఒక్కో పని అప్పగించారు. మన పాఠ్యపుస్తకాల్లో 0, 1, 2, 3... పూర్ణాంకాలు. వాటితో –1, –2 లాంటి రుణ సంఖ్యలు కూడా కలిస్తే పూర్ణ సంఖ్యలు. ఇంత దగ్గరి మాటలు రెండు పక్కపక్కన పెడితే పిల్లలు తికమకపడతారు. ఈ జంట నాకు మొదటినుంచీ నచ్చలేదు.

పరిపూర్ణ సంఖ్య అలా కాదు, చక్కగా కుదిరిన మాట. ఒక సంఖ్యకున్న కారణాంకాల్లో ఆ సంఖ్యను వదిలేసి మిగతావన్నీ కూడితే మళ్లీ అదే రావాలి. 6 చూడండి: 1+2+3. 28 చూడండి: 1+2+4+7+14. ఎక్కువా లేదు, తక్కువా లేదు. తర్వాతవి 496, 8128. ఐదోది మీ అమ్మాయి రాసుకున్నది. ఇది 4096, 8191ల లబ్ధం. 2ను పన్నెండు సార్లు వేసి గుణిస్తే 4096 వస్తుంది. 8191 ప్రధాన సంఖ్య. మొత్తం 26 కారణాంకాలు. చివరిదైన ఆ సంఖ్యను పక్కన పెట్టి మిగిలిన 25 కూడితే సరిగ్గా 3,35,50,336 వస్తుంది. దీని అంకెలు కూడితే 28, అదీ పరిపూర్ణ సంఖ్యే! కాబట్టి ఇది పూర్ణాంకమూ అవుతుంది, పూర్ణ సంఖ్యా అవుతుంది, సరి సంఖ్యా అవుతుంది. కానీ ప్రతి పూర్ణాంకమూ పరిపూర్ణం కాదు.

ఇక అక్షరాల్లో రాయడం. టీచరు దిద్దింది సబబే. 'మూడు కోట్లు' అంటే లెక్క అక్కడితో అయిపోయినట్టు. ఇంకా ఉంది, ఆగండి అని చెప్పేది 'ల'. అందుకే మూడు కోట్ల ముప్పై ఐదు లక్షల యాభై వేల మూడు వందల ముప్పై ఆరు. ఏకవచనమైతే 'ల' రాదు, చివరి అచ్చు సాగుతుంది: కోటీ పది లక్షలు, లక్షా యాభై వేలు. నూరు దారి వేరు. ఏరు 'ఏటి' అయినట్టు, నోరు 'నోటి' అయినట్టు, నూరు 'నూట' అవుతుంది. పెళ్లి చదివింపుల్లో నూట పదహార్లు అంటాం కానీ 'వంద పదహార్లు' అని ఎవరూ అనరు కదా. మీ అమ్మాయికి 1,01,01,101 ఇచ్చి చదవమనండి. కోటీ లక్షా వెయ్యిన్నూట ఒకటి అని రావాలి.